పోటుపాటుల నడుమ అరుదైన అతిథి

పుష్య మాసమున అమావాస్య నాడు కాకినాడకు చేరువనున్న చొల్లంగి గ్రామమున గొప్ప తీర్థము జరుగును. గోదావరి పాయలలో నొకటియగు తుల్యభాగ సముద్రమును కలియుచోటు ఇదియేయని పెద్దల నమ్మకము. సప్తసాగర యాత్ర చేయువారు ఇచ్చట మొదటి స్నానము చేసి, పిదప తక్కిన పాయల సంగమములకు వరుసగా పోవుదురు. తెల్లవారక మునుపే వేలకొలది జనులు వచ్చి, స్నానమాడి, తడిబట్టలతో ఒడ్డు చేరుదురు. ఆ తీరమున నీరు తీసినపుడు బయటపడు బురద నేలను పరికించి చూచువారు మాత్రము మిక్కిలి అరుదు. "అక్కడ నేమున్నది? ఉత్త బురద" యని ముఖము త్రిప్పుకొని పోవుట మనకు అలవాటు.

అయితే అదే మాసమున, ఆ తీరపు బురదలోనే, మరియొక యాత్రిక సమూహము దిగియుండును. వారు బండ్లపై వచ్చినవారు కారు, రెక్కలపై వచ్చినవారు. ఉత్తర ధ్రువమునకు చేరువనున్న మంచు నేలలనుండి వేలకొలది కిలోమీటర్లు ఎగిరివచ్చి, శీతకాలమంతయు మన గోదావరి ముఖద్వారమున గడపి, ఎండలు ముదురువేళకు మరల బయలుదేరి పోవు నీటి పక్షులవి. వానిలో ఒక అరుదైన పక్షిని గూర్చియు, దానిని ఎట్లు చూడవలెనో, ఎట్లు ఛాయాచిత్రము తీయవలెనో అను సంగతిని గూర్చియు ఈ పాఠమున తెలిసికొందము.

ముందుగా ఆ బురద ఎచ్చటినుండి వచ్చినదో చూతము. గోదావరి నాసికకు సమీపమున త్ర్యంబకము కొండలలో పుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నది. రాజమహేంద్రవరము దాటి ధవళేశ్వరము చేరగానే గౌతమి, వసిష్ఠ అను రెండు పెద్ద పాయలుగా చీలును. 1852లో ఇచ్చట ఆర్థర్ కాటన్ నిర్మించిన ఆనకట్ట పూర్తియగుటచేతనే డెల్టా భూములు పచ్చని పొలములైనవని మీరు చదివియున్నారు. నది మోసికొనివచ్చిన ఒండ్రు ఈ పొలములను మాత్రమే పోషించి ఊరకుండలేదు. గౌతమినుండి చీలిన కోరంగి, గాడేరు మొదలగు చిన్న పాయలు ఆ ఒండ్రును కాకినాడ అఖాతమునకు కొనిపోయి పరచినవి.

ఆ అఖాతమునకు తూర్పుదిక్కున హోప్ ఐలాండు అను ఇసుక తిన్నె కలదు. అది సుమారు 16 కిలోమీటర్ల పొడవుగలది. కడచిన రెండు శతాబ్దుల కాలములో సముద్రము, నది కలిసి కట్టిన గోడ యది. పెద్ద అలలు ఆ తిన్నెను తాకి విరిగిపోవుటచే లోపలి నీరు నెమ్మదిగా నుండును. నెమ్మదిగల నీటియందే బురద అడుగున పేరుకొనును. బురద పేరుకొనిన చోట మడ చెట్లు మొలచును. తెల్ల మడ, నల్ల మడ, ఉప్పు పొన్న, తిల్ల మొదలగు చెట్లు ఉప్పునీటిలో వేళ్ళూని పెరిగి ఏర్పరచిన అడవియే కోరంగి అడవి. 1978లో ప్రభుత్వము ఇచ్చట సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును వన్యప్రాణి రక్షణాలయముగా ప్రకటించినది. బావురు పిల్లి, నీటికుక్క ఈ అడవిలో నివసించును. 2022లో జిల్లాల విభజన జరుగువరకు ఈ ప్రాంతమంతయు తూర్పు గోదావరి జిల్లాలోనిదే.

ఇక పోటుపాటులను గూర్చి తెలిసికొనవలెను. సముద్రపు నీరు దినమునకు రెండుమారులు పొంగి ఒడ్డున కెక్కును. రెండుమారులు వెనుకకు తీయును. పొంగుటను పోటు అనియు, తీయుటను పాటు అనియు మన జాలరులు చెప్పుదురు. చంద్రుని ఆకర్షణ ఇందుకు ముఖ్య కారణము. అమావాస్యకును, పున్నమికిని పోటు హెచ్చుగా నుండును. అష్టమి ప్రాంతమున తక్కువగా నుండును. దినదినమునకు పోటు వేళ సుమారు 50 నిమిషములు వెనుకబడును. అనగా నేడు ఉదయము ఆరు గంటలకు నిండుపోటు వచ్చినచో, రేపు సుమారు ఆరు గంటల యేబది నిమిషములకు వచ్చును. మన జాలరి పడవ ఎక్కు వేళను నిర్ణయించునది ఈ లెక్కయే. ఆ పక్షి భోజనము వేళను నిర్ణయించునదియు ఈ లెక్కయే.

పాటు తీసినపుడు అఖాతపు అంచున విశాలమైన బురద నేల బయటపడును. దూరమునుండి చూచువానికి అది శూన్యముగా తోచును. కాని ఆ బురదలో జానెడు లోతున ఒక సంత సాగుచుండును. చిన్న చిన్న గుల్లలు, నత్తలు, పీతలు, రొయ్య పిల్లలు, పలు విధములైన పురుగులు అందు క్రిక్కిరిసి యుండును. నది తెచ్చిన ఆకుల కుళ్ళు, మడ చెట్ల రాలుటాకులు వానికి ఆహారము. అవి పక్షులకు ఆహారము. కనుకనే శీతకాలమున వేలాది పక్షులు ఈ విందుకు వచ్చును.

ఒకే పళ్ళెరమున ఇన్ని జాతుల పక్షులు కలహము లేక ఎట్లు భుజించునని మీరడుగవచ్చును. దానికి ప్రకృతి ముక్కులలోనే సమాధానము చెప్పినది. పొట్టి ముక్కుగల పక్షులు పై పొరలోని పురుగులను ఏరుకొనును. కొడవలివలె వంగిన పొడవాటి ముక్కుగల కర్ల్యూ అను పెద్ద పక్షి లోతైన బొరియలలోని పీతలను లాగును. మధ్యమ ప్రమాణపు ముక్కుగలవి మధ్యనున్న గుల్లలను పట్టును. ఎవరి వాటా వారిదే. ఇట్టి పక్షులకు తెలుగున ఉల్లంకి పిట్టలని పేరు కలదు. పొలముల గట్లపై రాత్రివేళ అరచుచు తిరుగు తీతువు పిట్టయు ఈ పెద్ద కుటుంబమునకు బంధువే.

ఈ గుంపులలోనే మన అరుదైన అతిథి యుండును. ఆంగ్లమున దానిని 'గ్రేట్ నాట్' అందురు. మనము 'పెద్ద నాట్' అని పిలుచుకొందము. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. అనగా మన ఇండ్లకడ తిరుగు పావురముకన్న కొంచెము చిన్నది. శీతకాలమున దాని వీపు బూడిద వన్నెగాను, పొట్ట తెల్లగాను ఉండును. రొమ్ముపై నల్లని చిన్న మచ్చలు చల్లినట్లుండును. ముక్కు నల్లగా, తలకన్న కొంచెము పొడవుగా, కొన యందు కొద్దిగా క్రిందికి వంగియుండును. కాళ్ళు పొట్టివి, పచ్చదనము కలిసిన బూడిద రంగు. ఎగురునపుడు తోకకు పైభాగము తెల్లగా కనబడును. మార్చి, ఏప్రిల్ మాసములు వచ్చుసరికి కొన్ని పక్షులు పెండ్లి దుస్తులు తొడుగుకొనును. రొమ్మున నల్లని మచ్చలు దట్టమగును, భుజములపై ఇటుక రంగు ఈకలు మొలచును. కాకినాడ నగరపు తీరమున కుంభాభిషేకము అను చోట గల బురద మేటలు ఇట్టి పక్షులను పరిశీలించువారికి బాగుగా తెలిసినవి.

కంటికి కనబడని గుల్లను అది బురదలో ఎట్లు పట్టుకొనును? దీని సోదర జాతియగు 'ఎర్ర నాట్' పై నెదర్లాండ్స్ దేశపు శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన 1998లో వెలువడినది. ముక్కు కొన యందు మిక్కిలి సూక్ష్మములైన స్పర్శాంగములు గుంపులుగా నున్నవి. తడి ఇసుకలో ముక్కు గ్రుచ్చగానే రేణువుల నడుమనున్న నీరు పక్కలకు నొక్కబడును. చేరువలో గట్టి వస్తువేదైన నున్నచో ఆ నీటి ఒత్తిడిలో తేడా వచ్చును. ఆ తేడానుబట్టి పక్షి గుల్ల యున్నదని గ్రహించును. పట్టిన గుల్లను అది పగులగొట్టి తినదు, చిప్పతోకూడ మ్రింగును. దాని కందనకాయ మిక్కిలి బలమైనది. అదియే తిరుగలివలె చిప్పను నలుగగొట్టును. పెద్ద నాట్ కూడ గుల్లలను ఇట్లే చిప్పతో మ్రింగి బ్రతుకును.

ఈ పక్షి పుట్టిల్లు రష్యా దేశపు ఈశాన్య భాగమున సైబీరియా కొండలపై నున్నది. అచ్చట వేసవి కొద్దివారములు మాత్రమే. ఆ కొద్దికాలములోనే నాచు, రాళ్ళ నడుమ నాలుగు గ్రుడ్లు పెట్టి పిల్లలను పెంచవలెను. శీతకాలము రాకమునుపే దక్షిణమునకు బయలుదేరును. ఎక్కువ భాగము ఆస్ట్రేలియా ఉత్తర తీరములకు పోవును. కొన్ని ఆగ్నేయాసియాకును, కొన్ని మన దేశపు తీరములకును వచ్చును. ఆస్ట్రేలియాకు పోవు పక్షులు నడుమ చైనా, కొరియా దేశముల మధ్యనున్న పచ్చ సముద్రపు తీరమున దిగి, ఆకలి తీర్చుకొని, మరల సాగును.

ఇంత దూరము ఎగురుటకు పక్షి చేయు సన్నాహము ఆశ్చర్యకరమైనది. మామూలు దినములలో సుమారు 150 గ్రాములు తూగు పక్షి ప్రయాణమునకు ముందు విరామము లేక తిని 200 గ్రాములకు మించి బరువెక్కును. ఆ పెరిగిన బరువులో ముఖ్యమైనది క్రొవ్వు. దారిలో దానికి అదియే చమురు. ఆస్ట్రేలియా వాయవ్య తీరమునుండి చైనా తీరమునకు సుమారు 5,400 కిలోమీటర్లు. బయలుదేరబోవు పక్షులను, చేరిన పక్షులను పరీక్షించి శాస్త్రజ్ఞులు 2000 సంవత్సరమున ఒక వింతను వెల్లడించిరి. ప్రయాణములో క్రొవ్వు మాత్రమే గాక, ప్రేవులు, కాలేయము మొదలగు అవయవములు కూడ కృశించిపోవుచున్నవి. తగ్గనివి రెండే, మెదడు, ఊపిరితిత్తులు. దారి తెలియుటకు మెదడు కావలెను. ఎగురుటకు ఊపిరి కావలెను. తక్కినదంతయు ఆ పక్షి ఖర్చుపెట్టును. అట్టి స్థితిలో అది నేల వ్రాలునపుడు దానికి వెంటనే కావలసినది ఏమి? ఉపద్రవము లేని కొంత బురద నేల.

ఆ బురద లేకపోయినచో నేమగునో కొరియాలో తెలిసినది. దక్షిణ కొరియా పడమటి తీరమున సెమాంగుమ్ అను చోట రెండు నదులు సముద్రమున కలియుచున్నవి. పెద్ద నాట్‌లకు దారిలో అది ముఖ్యమైన మజిలీ. పొలములకును, పరిశ్రమలకును భూమి కావలెనని ఆ నదీముఖమునకు అడ్డముగా సుమారు 33 కిలోమీటర్ల పొడవైన గోడ కట్టి 2006లో మూసివేసిరి. పోటుపాటులు ఆగిపోయినవి, గుల్లలు చచ్చినవి. తరువాతి రెండు సంవత్సరములలో ఆ ప్రాంతమున లెక్కకు వచ్చిన పెద్ద నాట్‌ల సంఖ్య సుమారు 90,000 తగ్గినది. అవి వేరొక చోటు చూచుకొని యుండునని కొందరు తలచిరి. కాని చేరువనున్న తీరములలో ఆ పక్షులు కనబడలేదు. ఆస్ట్రేలియా తీరమున లెక్కించినవారికి అక్కడను సంఖ్య తగ్గినట్లే తేలినది. అవి చోటు మారలేదు, నశించినవని ఊహింపవలసి వచ్చినది. 2015లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ఈ జాతిని అంతరించు ప్రమాదముగల జాతులలో చేర్చినది.

అయితే ఇందు ఆశకు కూడ తావు కలదు. పచ్చ సముద్రమునకు చేర్చియున్న చైనా తీరపు బురద నేలలు కొన్ని 2019లోను, కొరియా తీరపు బురద నేలలు కొన్ని 2021లోను ప్రపంచ వారసత్వ స్థలములుగా గుర్తింపబడినవి. ఒకనాడు వ్యర్థ భూములని పూడ్చిన నేలలనే నేడు కోటలతోను, ఆలయములతోను సమానముగా కాపాడవలెనని లోకము తెలిసికొనినది. ఈ మార్పునకు తోడ్పడినవారిలో ఏండ్ల తరబడి తీరమున కూర్చుండి పక్షులను లెక్కించిన సామాన్యులు ఎందరో కలరు. దుర్భిణి, పుస్తకము, ఓర్పు, ఇవియే వారి పనిముట్లు.

ఆ పని మనము కూడ చేయవచ్చును. దానికి కొన్ని మెలకువలు తెలియవలెను. మొదటిది, కాలము. నవంబరునుండి మార్చివరకు వలస పక్షులు నిండుగా నుండును. రెండవది, వేళ. పాటు బాగుగా తీసినపుడు పక్షులు కిలోమీటర్ల దూరమున చెదరి యుండును. అప్పుడు చూచుట కష్టము. పోటు ఎక్కుచుండగా నీరు వానిని క్రమముగా ఒడ్డువైపు తరుమును. కనుక పోటు పట్టిక చూచుకొని, నిండుపోటుకు రెండు మూడు గంటలు ముందుగా పోయి, ఒక చోట కూర్చుండవలెను. మనము పక్షివద్దకు పోనక్కరలేదు. నీరే పక్షిని మనవద్దకు తెచ్చును.

మూడవది, ఎండ. కాకినాడ ఒడ్డున నిలిచి తూర్పునకు చూచువానికి ఉదయమున సూర్యుడు ఎదురుగా నుండును. పక్షులన్నియు నల్లని నీడలవలె కనబడును. సాయంకాలము సూర్యుడు వీపువైపునకు వచ్చును. అపుడు ఈకల వన్నెలు, మచ్చలు స్పష్టముగా తెలియును. కావున సాయంకాలము పోటు ఎక్కు దినములను ఎన్నుకొనుట మేలు. నాలుగవది, పనిముట్టు. ఎనిమిది లేక పది రెట్లు పెద్దవిగా చూపు దుర్భిణి చాలును. ఛాయాచిత్రము తీయువారికి 400 మిల్లీమీటర్లు లేక అంతకు మించిన టెలిఫోటో లెన్సు కావలెను. ఎగురు పక్షిని తీయునపుడు షట్టరు సెకనులో వేయవ వంతునకు మించి తెరచియుండరాదు; లేనిచో రెక్కలు మసకబారును. కెమేరాను నిలిచి పట్టుకొనుటకన్న, నేలకు దగ్గరగా ఉంచి, పక్షి కంటి ఎత్తున తీసినచో చిత్రము సహజముగా నుండును; మన ఆకారము కూడ చిన్నదై పక్షి బెదరదు.

ఐదవది, అన్నింటికన్న ముఖ్యమైనది, దూరము. ఈ వ్యాసకర్త మొదటిసారి పెద్ద నాట్‌ల గుంపును చూచిన దినమున తప్పు చేసెను. గుంపు ప్రశాంతముగా నిలిచియున్నది. ఇంకను నాలుగడుగులు ముందుకు పోయినచో మచ్చలు బాగుగా పడునని ఆశ కలిగినది. నాలుగడుగులు పదియైనవి. ముందుగా ఒక పక్షి తల యెత్తినది. తరువాత పది తలలు లేచినవి. తినుట ఆగినది. అపుడైనను ఆగియుండవలసినది. మరియొక అడుగు పడగానే గుంపంతయు ఒక్కమారు లేచి, అఖాతముపై రెండుమారులు చుట్టుతిరిగి, దూరమున కనుమరుగైనది. ఆనాటి చిత్రములలో తోకలు తప్ప మరేమియు లేవు. ప్రక్కన వల బాగుచేసికొనుచున్న ముసలి జాలరి ఒకడు తల యెత్తి, "కూర్చుంటే అయ్యే వత్తాయి కదండీ బాబూ, ఎందుకండీ ఎళ్ళారు?" అని అడిగెను. దానికి బదులు లేకపోయెను.

ఆ ప్రశ్నలో పక్షి పరిశీలన శాస్త్రమంతయు ఉన్నది. ఎగురుట పక్షికి వినోదము కాదు, వ్యయము. నిలిచియున్నప్పటికన్న ఎగురునపుడు అనేక రెట్లు శక్తి ఖర్చగును. పోటు తీయువరకు దానికి మేత లేదు. కావున అంతవరకు కదలక నిలిచి శక్తిని దాచుకొనును. మనము లేపినచో దాచుకొనిన క్రొవ్వు కరగును. ఒకమారు లేపిన నష్టము చిన్నదే. కాని దినమునకు పదిమంది వచ్చి పదిమారులు లేపినచో, ప్రయాణపు దినమునకు పక్షి తగిన బరువు ఎక్కజాలదు. ఆ లోటు కాకినాడలో తెలియదు. సముద్రము నడుమ, నేల కనబడని చోట తెలియును.

కావున ఈ గుర్తులు జ్ఞాపకముంచుకొనుడు. పక్షులు తినుట మాని తల లెత్తినచో మీరు హద్దు చేరితిరి. మెల్లగా నడచి దూరమగుచున్నచో హద్దు దాటితిరి. అరచుచు రెక్కలు విప్పినచో వెంటనే వెనుకకు రావలెను. నిండుపోటునాడు విశ్రాంతి తీసికొను గుంపుపైకి పడవను నడపరాదు. ఎగురు చిత్రము కావలెనని రాయి విసరుట, చప్పట్లు కొట్టుట, డ్రోను ఎగురవేయుట నీచమైన పనులు. రక్షణాలయములోనికి పోవుటకు అటవీ శాఖవారి అనుమతి పొందవలెను. వారు చూపిన బాటనే నడువవలెను. పక్షి తనకు తెలియకయే మన చిత్రములో పడినదే మంచి చిత్రము.

తీసిన చిత్రమును దాచుకొనుటతో పని ముగియదు. దినము, వేళ, స్థలము, పోటు స్థితి, గుంపులో పక్షుల సంఖ్య వ్రాసి యుంచవలెను. కొన్ని పక్షుల కాళ్ళకు రంగు పట్టీలు, వానిపై అక్షరములు ఉండును. అవి శాస్త్రజ్ఞులు వేరు వేరు దేశములలో కట్టినవి. ఒక స్పష్టమైన చిత్రములో ఆ అక్షరములు చదువగలిగినచో, ఆ పక్షి ఎక్కడినుండి వచ్చినదో, ఎన్నేండ్లు బ్రతికినదో తెలిసికొనవచ్చును. 1883లో స్థాపింపబడిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము మన దేశమున ఇట్టి వలస పరిశోధనను చిరకాలముగా చేయుచున్నది. ఆ సంఘమున పనిచేసి పక్షి శాస్త్రమును సామాన్యులకు అందించిన సలీం అలీ పేరు మీరు వినియే యుందురు. 1987లో మొదలైన ఆసియా నీటి పక్షుల గణన ఏటేట జనవరి మాసమున జరుగును. అందు లెక్కించువారిలో చాలమంది ఉత్సాహవంతులగు పౌరులే. విద్యార్థులు కూడ పాల్గొనవచ్చును.

పెద్ద నాట్ కొరకు కూర్చున్నవానికి ఇతర బహుమతులు కూడ దొరకును. కాకినాడ అఖాతమునకు శీతకాలమున వచ్చు మరియొక అరుదైన పక్షి స్కిమ్మర్. దాని ముక్కు నారింజ వన్నెది. క్రింది దవడ పై దవడకన్న పొడవు. నీటిపై తక్కువ ఎత్తున ఎగురుచు, క్రింది దవడను నీటిలో దించి, నాగలి చాలు తీసినట్లు నీటిని చీల్చుచు చేపలను పట్టును. చంబల్, మహానది మొదలగు నదుల ఇసుక దీవులలో అది గ్రుడ్లు పెట్టును. అదియు అంతరించు ప్రమాదముగల జాతియే. పడమరగా మంచినీటి పక్షులను చూడగోరువారికి కొల్లేరు కలదు. 1999లో రక్షణాలయముగాను, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్‌సర్ చిత్తడి నేలగాను గుర్తింపబడిన ఆ సరస్సున, ఆటపాక వద్ద గూడబాతులను కన్నులార చూడవచ్చును. గూడబాతు పెద్దది, తెల్లనిది, ఎవరైనను చూతురు. పెద్ద నాట్ చిన్నది, బురద రంగుది. దానిని చూచుటకు కన్ను నేర్వవలెను.

మన తీరమునకు కూడ ఆపదలు లేకపోలేదు. నదులపై కట్టలు పెరిగిన కొలది సముద్రమునకు చేరు ఒండ్రు తగ్గుచున్నది. డెల్టా అంచులు కొన్నిచోట్ల కోసుకొనిపోవుచున్నవి. నగరము పెరిగిన కొలది బురద నేలను పూడ్చి ఇండ్లకు, రేవులకు వాడవలెనను కోరిక పుట్టును. ఇండ్లు కావలెను, రేవులు కావలెను. అందు సందేహము లేదు. కాని పూడ్చకముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: "ఇది నిజముగా ఎవరికిని పనికిరాని నేలయా?" ఆ బురదలో రొయ్య పిల్ల పెరుగుచున్నది, దానిపై జాలరి కుటుంబము బ్రతుకుచున్నది. ఆ బురదపై మొలచిన మడ అడవి తుఫాను ఉప్పెనను అడ్డగించుచున్నది. 1839లో వచ్చిన తుఫాను పూర్వపు కోరంగి రేవును ధ్వంసము చేసిన సంగతి ఈ తీరము మరువరానిది. పక్షికి మేలైన నేల మనకును మేలే.

సైబీరియా వారు గూడును కాపాడినను, కొరియా వారు మజిలీని కాపాడినను, కాకినాడలో మనము బురదను పోగొట్టుకొన్నచో ఇచ్చట శీతకాలము గడపు పక్షికి నిలువ నీడ లేదు. గొలుసులో ఒక్క లంకె తెగినను గొలుసు గొలుసు కాదు. మన చేతిలోనున్నది ఆ ఒక్క లంకె.

వచ్చు పుష్యమాసమున మీరు చొల్లంగి తీర్థమునకు పోయినచో, స్నానము ముగిసిన పిదప కొంతసేపు తీరమున కూర్చుండుడు. నీరు తీయువరకు వేచియుండుడు. బూడిద రంగు పిట్టలు కొన్ని వంచిన తలలతో బురదలో మెల్లగా నడచుచు కనబడవచ్చును. రొమ్మున నల్లని మచ్చలున్నవేమో చూడుడు. ఎన్నియున్నవో లెక్కించి పుస్తకమున వ్రాసికొనుడు. అవి తల యెత్తకుండగనే మీరు లేచి ఇంటికి రాగలిగినచో, ఆ దూరపు అతిథులకు మీరు మర్యాద చేసినట్లే.